జారుడు తలుపు

కొన్నప్పుడే అది ముసలి ఓమ్ని.
యశ్వంతపురంలో ఐస్ క్యాండీ అమ్మే చిక్కణ్ణ
మోకాళ్ళు పోయి అమ్ముకున్నాడు.
పక్కనున్న అక్షరాల మీద తెల్లరంగు కొట్టించి
నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి తెచ్చుకున్నాము.
రెండేళ్ళు లోపలంతా వెనీలా వాసన.
మా లోహిత్ సీటును నాకి చూసి
తియ్యగా లేదని ఏడ్చినాడు.

ఎనిమిది మంది పడతారని చెప్పినాడు చిక్కణ్ణ.
పదకొండు మందిమి పట్టినాము,
మా అత్త హనుమక్క ఒళ్ళోని చట్నీ గిన్నె కాక.

ఇంజిను ముందు సీట్ల కిందే.
కుంపటి మీద పీట వేసుకున్నట్టు ఉంటుంది.
మే నెలలో ఆ సీటు నాది
డిసెంబరులో మా అత్తది.
ఎవరూ రాసుకున్న ఒప్పందం కాదు,
ఎవరూ తప్పిందీ లేదు.
ఆ చలిలో, కాళ్ళ కింద వెచ్చగా,
గొరగుంటెపాళ్య సిగ్నల్లో ఆమె అనపకాయలు ఒలిచేది.
సిగ్నలుకో పిడికెడు.
ఇల్లు చేరేసరికి పితకపప్పు పులుసుకు చాలినన్ని.
సిగ్నలు తొందరగా పడిన రోజు ట్రాఫిక్ పోలీసును తిట్టేది.

తలుపు మాత్రం ఎవరి మాటా వినేది కాదు.
కొంచెం ఎత్తి
భుజం ఆనించి
ఒక తిట్టు తిట్టి లాగాలి.
తిట్టకుంటే జరగదని పిల్లల నమ్మకం.
లోహిత్ నేర్చిన మొదటి బూతు ఆ తలుపు పుణ్యమే.

మా ఆయన కంటికి పొర వచ్చిన ఏడు
చిక్కపేట నుంచి తానులు ఎవరు తెస్తారు,
కుట్టిన యూనిఫారాలు బడులకు ఎవరు మోస్తారు?
నలభై రెండేళ్ళకు స్టీరింగు పట్టుకున్నాను.
హెసరఘట్ట దగ్గర ఎండిన చెరువులో
సంజీవప్ప పక్కన కూర్చుని
తనకు కనపడని దారి నాకు చూపించినాడు.
నోటితో ఎడమ అనేది, చేత్తో కుడి చూపేది.
మూడో రోజు నేను మాట వినడం మానేసినాను.
ఆ రోజే నాకు బండి వచ్చింది.

మా అత్తను ఆస్పత్రికి తీసకపోయే రాత్రి అది కదల్లేదు.
వీధంతా లేచి తోసింది,
పై పోర్షన్ శ్యామల, లుంగీ ఎగ్గట్టుకుని ఇస్త్రీ బండి అయ్యా.
లోపల్నించి ఆమె, ఊపిరి తిరగక,
"ఆ తలుపు సరిగ్గా వెయ్యండిరా" అంది.

తిరిగి వచ్చేటప్పుడు వెనక సీట్లు మడిచినాము.
తల కొడుకు ఒళ్ళో.
నేను నడిపినాను, గుంత గుంతకూ ఆగి,
ఆమెకు తగులుతుందేమో అన్నట్టు.
డిసెంబరు.
నా పక్క సీటు వెచ్చగా ఉంది.
ఖాళీగా ఉంది.

తర్వాత తర్వాత ఎండకు తెల్లరంగు అరిగి
చిక్కణ్ణ అక్షరాలు ఒక్కొక్కటే పైకి తేలినాయి.
జాలహళ్ళి క్రాసులో ఒక పిల్లోడు అద్దం తట్టి
రెండు రూపాయలు చాపి
"ఒందు మ్యాంగో కొడి" అన్నాడు.
సంచిలో జామకాయ ఉంటే ఇచ్చినాను.
రూపాయలు తీసుకోలేదు.
వాడు జామకాయను అటూ ఇటూ తిప్పి చూసినాడు, పుల్ల ఎక్కడా అని.

పొగ సర్టిఫికెట్టు మూడుసార్లు తప్పింది.
నెలమంగల కొత్తిమీరాయన వచ్చి
ముందు తలుపే లాగి చూసినాడు.
రాలేదు.
చెవిలో చెప్పినాను, ఏమని తిట్టాలో.

ఇప్పుడు పవిత్ర కారు.
నాలుగు తలుపులు, ఎవరిది వాళ్ళది.
పెండ్లి ఇంటి ముందర నలుగురం నాలుగు వైపుల దిగి
బండి చుట్టూ నడిచి కలుసుకుంటాము.
అప్పుడైతే ఒక్క లాగుకు
తానులు, పిల్లోళ్ళు, చెప్పులు, గిన్నెలు
అందరం ఒకే గుంపుగా రోడ్డు మీద పడేవాళ్ళం.

"అమ్మా, పక్కకు కాదు, బయటికి లాగు" అంటుంది పవిత్ర.
చెయ్యి ఎత్తుతుంది, భుజం ఆనుతుంది,
మాట నాలుక కొసకు వచ్చి నిలబడుతుంది.
ఈ బండిని ఏమని తిట్టాలో
నాకింకా తెలీదు.